తుపాను రోజుల్లో ఫోన్: టైమ్ లేని మెసేజ్ పంపకండి

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగాయి. జనం ఇంకా తేరుకోకముందే ‘కట్ట మళ్లీ తెగింది’ అని ఫోన్లలో పాకింది. అది అబద్ధమని అధికారులు చెప్పాల్సొచ్చింది. మళ్లీ తుపాన్ల కాలం వస్తోంది కాబట్టి రాస్తున్నాను.

ఛార్జింగ్, పవర్ బ్యాంకు సంగతి అందరికీ తెలుసు. నన్ను భయపెట్టేది ఒకే ఒక్క తప్పు: తేదీ, టైమ్, చోటు లేని మెసేజ్‌ని ముందుకు తోసేయడం.

సాయం అడిగే మెసేజ్ అయితే మరీ ప్రమాదం. ‘మేడ మీద నలుగురం ఉన్నాం, పెద్దాయనకి మందుల్లేవు, ప్లీజ్ షేర్’ అని పొద్దున ఎవరో పెడతారు. మధ్యాహ్నానికి వాళ్లు పడవెక్కి వెళ్లిపోతారు. మెసేజ్ మాత్రం రెండు రోజుల తర్వాత కూడా తిరుగుతూనే ఉంటుంది. పడవ ఖాళీ ఇంటికి వెళ్తుంది, పక్క వీధిలో నిజంగా చిక్కుకున్నవాళ్లు అలాగే ఉండిపోతారు. ఒకవేళ వాళ్లింకా మేడ మీదే ఉంటే, ఊరూ పేరూ తెలియనివాళ్లు చేసే కాల్స్‌తో వాళ్ల ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయి, పడవవాళ్లు కాల్ చేసేసరికి స్విచ్ఛాఫ్. పంపినవాళ్లందరూ మంచి మనసుతోనే పంపారు.

అందుకే అడిగేటప్పుడే ఇలా రాయండి: తేదీ, ఎన్ని గంటలకి, వీధి, ఇంటి నంబరు, ఎన్నో అంతస్తు, దగ్గర్లో గుడో రేషన్ షాపో, ఎంతమంది, మంచం పట్టినవాళ్లు ఉన్నారా. బయటపడగానే ‘వచ్చేశాం’ అని పెట్టి పాతది తీసేయండి. గ్రూపులో పెట్టడంతో సరిపెట్టకుండా అత్యవసర నంబరు 112కో, విపత్తుల కంట్రోల్ రూమ్ నంబరు 1070కో చెప్పండి.

హెచ్చరికలకి వాతావరణ శాఖ, విపత్తుల నిర్వహణ సంస్థ, ప్రభుత్వ విపత్తు హెచ్చరికల యాప్ ‘సచేత్’ చాలు. వాట్సాప్‌లో జంట బాణాల గుర్తు కనబడితే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం, మొదట ఎవరు రాశారో మీకు తెలియదు. ఇది తుపాన్లకే కాదు: 2025 మేలో భారత్-పాకిస్తాన్ సరిహద్దు ఉద్రిక్తతలప్పుడు వీడియో గేమ్ దృశ్యాలే యుద్ధం పేరుతో తిరిగాయి. జమ్మూ, పంజాబ్‌లో చదువుతున్న పిల్లల తల్లిదండ్రులు ఇక్కడ ఎంత టెన్షన్ పడి ఉంటారో ఆలోచించండి.

ఇక మిగతావి.

కాల్ కలవకపోతే ఎస్సెమ్మెస్ పెట్టండి, సిగ్నల్ బలహీనంగా ఉన్నా అది వెళ్లే అవకాశం ఎక్కువ.
ముఖ్యమైన నంబర్లు కాగితం మీద రాసి ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. 2014లో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖలో సెల్ నెట్‌వర్కే కుప్పకూలింది.
తడిసిన ఫోన్‌ని ఛార్జింగ్‌కి పెట్టొద్దు.
టార్చ్ వేరే ఉంచుకోండి.
దూరాన ఉన్న పిల్లలూ, మీ అమ్మానాన్నలకి గంటగంటకీ వీడియో కాల్ చేయకండి. పొద్దునా సాయంత్రం ఒక్కో మెసేజ్ చాలు.
విరాళాల క్యూఆర్ కోడ్ ఎవరిదో తేలకుండా డబ్బు వేయొద్దు.
శవాల ఫొటోలు పెట్టొద్దు.
సరిహద్దు ఉద్రిక్తతలప్పుడైతే సైనిక వాహనాల్ని వీడియో తీయొద్దు.
టైమ్ లేదా? పంపొద్దు. చోటు లేదా? పంపొద్దు. మీ సొంత బాబాయి పంపినా సరే, ‘ఇది ఎప్పటిది బాబాయ్?’ అని అడిగాకే.