తప్పు నాది కాకపోయినా పెరిగిన కారు ప్రీమియం: ఎలా తగ్గించుకున్నానంటే

ఆగి ఉన్న నా కారును వెనక నుంచి గుద్దారు, తప్పు పూర్తిగా అవతలి వాళ్లదే, అయినా రెన్యువల్‌లో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోయి ప్రీమియం పెరిగింది. చాలా అన్యాయం అనిపించింది. నా ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి, ఆ రిపేరు క్లెయిమ్ మీ రికార్డులో ఎలా ఉంది, తప్పు ఎవరిదని రాశారు అని సూటిగా అడిగాను. అసలు సంగతి అక్కడే బయటపడింది: రిపేరు డబ్బు అవతలి ఇన్సూరెన్స్ నుంచి ఇంకా వసూలు కాలేదు, కాబట్టి క్లెయిమ్ ఓపెన్‌లోనే ఉంది, అది తేలేదాకా నా ఖాతాలోనే లెక్కేస్తారట. డాష్‌క్యామ్ వీడియో, పోలీస్ రిపోర్టు, తప్పు తమ వాళ్లదేనని అవతలి కంపెనీ ఒప్పుకున్న ఈమెయిల్ జతచేసి ఫిర్యాదు రాశాను. డబ్బు వసూలయ్యాక బోనస్ తిరిగొచ్చింది, ఎక్కువ కట్టింది వెనక్కిచ్చారు. క్లెయిమ్ మూసినట్టు లెటర్ మాత్రం తప్పక తీసుకోండి, కంపెనీ మారితే అది అవసరం పడుతుంది.