మట్టి ఇటుకతో సొంతిల్లు – 3వ పాఠం: సీసాలో మట్టి పరీక్ష

పునాది తవ్వినప్పుడు వచ్చిన మట్టిని పారబోయొద్దని పోయిన పాఠంలో అనుకున్నాం. దాంతో బట్టీ లేకుండా, పుల్ల కాల్చకుండా ఇటుక చేయొచ్చు. పనికొచ్చే మట్టో కాదో ఈసారి తేల్చుకుందాం.

విజయనగరం వైపు ఎర్రమట్టి కనబడితే చాలు, "బంగారంలాంటి మట్టండి" అనేస్తారు. రంగు చూసి మోసపోకండి. ఆ ఎరుపు ఇనుము వల్ల వచ్చింది. మనకు కావలసింది ఇసుక ఎంత, బంకమన్ను ఎంత అన్న లెక్క.

పైన అడుగున్నర మట్టి తీసి పెరట్లో మొక్కలకు వేసుకోండి. వేళ్లు, కుళ్లిన ఆకులు ఉన్న మట్టి గోడకు పనికిరాదు. దాని కింది మట్టి తెచ్చి, గడ్డలు చిదిపి, రాళ్లు ఏరేయండి.

అడుగు నుంచి మెడ దాకా ఒకే వెడల్పున్న గాజు సీసా తీసుకోండి. కూల్‌డ్రింక్ సీసా వద్దు, దాని అడుగున గుంటలుంటాయి, కొలత తప్పుతుంది. మూడో వంతు మట్టి, మెడ దాకా నీళ్లు, చిటికెడు ఉప్పు వేయండి. ఉప్పుంటే బంకమన్ను త్వరగా పేరుకుంటుంది. మూత బిగించి గట్టిగా కుదపండి. గంట నానాక మళ్లీ కుదిపి, కదలని చోట పెట్టేయండి. నిమిషంలోపే అడుగుకు దిగేది ఇసుక. అక్కడ పెన్నుతో గీత పెట్టండి. అరగంటకు దాని మీద ఒండ్రు చేరుతుంది, రెండో గీత. మర్నాటికి నీళ్లు తేటపడతాయి. అన్నిటికంటే పైన, నున్నగా మెరిసే పలుచని పొరే బంకమన్ను.

ఇప్పుడు స్కేలు పెట్టండి. మొత్తం 10 సెంటీమీటర్లుంటే ఇసుక 6.5 నుంచి 7, బంకమన్ను 1 నుంచి 1.5 ఉంటే ఇక చూసుకోనక్కర్లేదు. బంక నీళ్లలో ఉబ్బుతుంది కాబట్టి సీసాలో కాస్త ఎక్కువే కనిపిస్తుంది.

బంక ఎక్కువైతే ఎండేటప్పుడు ఇటుక బీటలిస్తుంది. క్రషర్ డస్టు (కంకర కొట్టేటప్పుడు వచ్చే రాతిపొడి) కలిపి మళ్లీ సీసా పట్టండి. నాగావళి, వంశధార ఇసుకే కావాలని పట్టుబట్టొద్దు. నల్లమట్టికి సిమెంటు కన్నా సున్నం నప్పుతుంది గానీ, కొత్తవాళ్లు దాని జోలికి పోకపోవడమే మేలు. కళింగపట్నం, భావనపాడు లాంటి తీరం ఊళ్లలో చౌడు కూడా చూసుకోవాలి. ఎండిన మట్టి మీద తెల్లటి పొడి తేలిందంటే వదిలేయండి, గోడ పెచ్చులూడుతుంది.

2018లో తిత్లీ తుపానును చూసిన ఉద్దానం వాళ్లకు మట్టి ఇల్లంటే టెన్షనే. న్యాయమే. పచ్చిమట్టి గోడ నానితే కూలుతుంది. మనం మాత్రం మట్టిలో 5 నుంచి 8 శాతం సిమెంటు కలిపి, మిషన్లో నొక్కి, మూడు వారాలు తడి గోనెల కింద ఉంచుతాం. సరిగ్గా చేసిన ఇటుక నీళ్లలో వేసినా కరగదు. గాలి సంగతి వేరు. అది పైకప్పు కట్టు, లింటెల్ బెల్టు (గుమ్మాలు, కిటికీల పైన గోడ చుట్టూ వేసే కాంక్రీటు పట్టీ) చూసుకోవాల్సిన పని, ఆ పాఠం ముందుంది.

వచ్చే పాఠంలోగా గట్టు వైపు మట్టితో ఒక సీసా, పల్లం వైపు మట్టితో ఒక సీసా పట్టండి. ఒకే స్థలంలోనూ నేల మారుతుంది. కొలతలు నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి, సిమెంటు పాళ్లు వాటిని బట్టే వేస్తాం.