చిగుళ్ల నుంచి రక్తం వస్తుంటే పళ్లు ఎలా తోముకోవాలి?

రక్తం కనిపించగానే చాలామంది చేసేది ఒకటే. బ్రష్ పక్కన పెట్టేసి నాలుగు రోజులు వేలితో తోముకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. చిగురు అంచున పేరుకున్న పాచి వల్లే వాపు వస్తుంది, వాచిన చిగురు తగలగానే రక్తం వస్తుంది. అక్కడ తోమడం మానేస్తే వాపు ఇంకా పెరుగుతుంది.

కావలసినవి: తల చిన్నగా ఉన్న సాఫ్ట్ బ్రష్, బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్ట్, అద్దం. హార్డ్ బ్రష్ ఇంట్లో ఉండనే కూడదు. బొగ్గు, ఇటుక పొడి పంటిని అరగదీస్తాయి, వాటి జోలికి వెళ్లొద్దు.

పాచి గట్టిపడి గార అయిపోతే ఏ బ్రష్‌కూ ఊడదు. డెంటిస్ట్ దగ్గర క్లీనింగ్ చేయించాల్సిందే. 'క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయట' అని భయపడి ఏళ్లకేళ్లు వాయిదా వేస్తారు. గార తీశాక కనబడే సందు క్లీనింగ్ వల్ల వచ్చింది కాదు. లోపల ఎముక ముందే కరిగింది, ఇన్నాళ్లూ గార దాన్ని కప్పేసింది.

ఇక తోమే పద్ధతికి వస్తే, అసలు కష్టమంతా ఇక్కడే. పాచి దాక్కునేది పంటి మధ్యలో కాదు, పన్నూ చిగురూ కలిసే గీత దగ్గర. అందరూ తెల్లగా కనిపించే భాగాన్నే అడ్డంగా బరబరా రుద్దుతారు. బ్రష్‌ను ఏటవాలుగా, సుమారు 45 డిగ్రీల కోణంలో పట్టుకోండి. కుచ్చు సగం పంటి మీద, సగం చిగురు మీద ఆనాలి. పై పళ్లకైతే కుచ్చు పైకి చూడాలి, కింది పళ్లకైతే కిందికి.

అలా ఆనించి, ఉన్నచోటే చిన్నగా కదిలించండి. చెయ్యి మొత్తం ఊగుతోందంటే తప్పు చేస్తున్నట్టే. బ్రష్‌ను పిడికిలితో కాకుండా పెన్ను పట్టుకున్నట్టు వేళ్లతో పట్టుకోండి, బలం దానంతట అదే తగ్గుతుంది. రెండు మూడు పళ్లు అయ్యాక పక్కకు జరగండి.

మొదలుపెట్టాల్సింది కింది ముందు పళ్ల లోపలి వైపు నుంచి. లాలాజలం అక్కడే ఊరుతుంది కాబట్టి గార కూడా అక్కడే త్వరగా పడుతుంది. చివరికి వదిలేస్తే ఓపిక ఉండదు. అక్కడ బ్రష్‌ను నిలువుగా పెట్టాలి. రక్తం వచ్చే చోట నెమ్మదిగా తోమండి, కానీ వదలొద్దు.

వేపపుల్ల మంచిదే అంటారు. దవడ పళ్ల లోపలి వైపుకు అది ఎలా చేరుతుంది? అందుకే నేను బ్రష్ వైపే ఉంటాను.

మొత్తం రెండు నిమిషాలు, రోజుకు రెండుసార్లు. రాత్రిది తప్పకూడదు. పళ్ల మధ్యకు బ్రష్ వెళ్లదు కాబట్టి రోజూ ఒకసారి ఇంటర్‌డెంటల్ బ్రష్‌తో (పళ్ల సందుల్లో దూర్చే సన్నని చిన్న బ్రష్), సందు ఇరుకైతే ఫ్లాస్‌తో (పళ్ల మధ్య తోమే సన్నని దారం) శుభ్రం చేయాలి. గుండుసూదులు, పిన్నీసులు వద్దు. క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్‌ను (నోరు పుక్కిలించే మందు) సొంతంగా నెలల తరబడి వాడొద్దు, పళ్లకు మరకలు పడతాయి.

వాపు మాత్రమే ఉంటే ఒకటి రెండు వారాల్లో రక్తం తగ్గుతుంది. తగ్గకపోయినా, చీము వస్తున్నా, పన్ను కదులుతున్నా, చిగురు జారి పళ్లు పొడవుగా కనిపిస్తున్నా వెంటనే డెంటిస్ట్ దగ్గరికి వెళ్లండి. కరిగిన ఎముక మామూలుగా తిరిగి రాదు. షుగర్ ఉన్నవాళ్లు అసలు ఆగొద్దు. చిగుళ్ల జబ్బు షుగర్‌ను, షుగర్ చిగుళ్ల జబ్బును పెంచుతాయి. సిగరెట్ తాగేవాళ్లకు జబ్బు ముదిరినా రక్తం అంతగా కనిపించదు, కాబట్టి వాళ్లు రక్తం కోసం ఎదురుచూడకుండా ఆరు నెలలకోసారి చూపించుకోవాలి.