కడుపు ఎక్స్‌రే మళ్లీ తీయాల్సి వస్తోందా? తప్పు ఎక్కడ జరిగిందో ఇలా పట్టుకోండి

ఫిల్మ్ బాగా రాలేదనగానే ఎక్స్‌రే తీసే మన చెయ్యి కేవీపీ (ట్యూబ్ వోల్టేజి) వైపు పోతుంది. కడుపు ఎక్స్‌రేలో తప్పు ఎక్కువగా బల్ల దగ్గరే జరుగుతుంది. రెండోసారి తీస్తే రోగికి రెండోసారి రేడియేషన్ పడుతుంది కాబట్టి ముందు కారణం తేల్చుకోండి.

కేయూబీలో (కిడ్నీలు, యురేటర్లు, మూత్రాశయం కోసం తీసే ఎక్స్‌రే) కింద ప్యూబిక్ సింఫిసిస్ (కటి ముందు రెండు ఎముకలు కలిసే చోటు) ఫిల్మ్‌లో పడకుండా తెగిపోయింది

మూత్రాశయంలోనో, యురేటర్ (కిడ్నీ నుంచి మూత్రం తెచ్చే గొట్టం) చివర్లోనో ఉన్న రాయి ఈ తెగిన ముక్కలోనే ఉండిపోవచ్చు. అందుకే నేను దీన్ని అన్నిటికన్నా పెద్ద తప్పుగా చూస్తాను. లావుగా ఉన్నవాళ్లలో పక్కటెముకల కింది అంచునే ఇలియాక్ క్రెస్ట్ (తుంటి ఎముక పై అంచు) అనుకుంటాం. ఆ అంచు నడుం వెన్నుపూసల్లో ఎల్2-ఎల్3 దగ్గర ఉంటుంది. క్రెస్ట్ ఉండేది ఎల్4-ఎల్5 ఎత్తులో. సెంటర్ (కిరణం మధ్య బిందువు) పెట్టాల్సింది క్రెస్ట్ దగ్గర కాబట్టి, అంత మేరా అది పైకి పోతుంది.

రెండు చేతులతో నడుం పక్కల నుంచి కిందికి తడుముతూ రండి. ఎముకల అంచు దాటాక మెత్తటి చోటు వస్తుంది, ఆ తర్వాత తగిలే గట్టి ఎముకే క్రెస్ట్. బొడ్డును నమ్మొద్దు, పొట్ట జారితే అదీ జారుతుంది. 35×43 సెం.మీ. క్యాసెట్‌ను (ఫిల్మ్ ఉండే పెట్టె) నిలువుగా పెట్టాక గ్రేటర్ ట్రొకాంటర్ (తొడ ఎముక పైభాగంలో బయటికి పొడుచుకొచ్చిన గడ్డ) చూడండి. పాదాన్ని లోపలికీ బయటికీ తిప్పమంటే అది వేలి కింద కదులుతుంది. సింఫిసిస్ పై అంచు దాదాపు ఆ ఎత్తులోనే ఉంటుంది, క్యాసెట్ అంచు ఇంకో ఐదు సెంటీమీటర్లు కిందికి రావాలి. ఇలా చేస్తే ప్యూబిస్ (సింఫిసిస్ ఉండే ఎముక) మీద చెయ్యి వేయాల్సిన పని లేదు. రోగి సిగ్గును కాపాడటం కూడా మన పనే.

ఒక ఇలియాక్ రెక్క (తుంటి ఎముక రెక్కలాంటి భాగం) వెడల్పుగా, రెండోది సన్నగా ఉంది

మనిషి పక్కకు తిరిగాడు. వెడల్పు రెక్క ఉన్న వైపు బల్లకు ఆనింది, ఆ వైపు ఆబ్ట్యురేటర్ రంధ్రం (కటి ఎముక కింది భాగంలోని పెద్ద రంధ్రం) కూడా సన్నబడుతుంది. రెండు ఏఎస్ఐఎస్‌లూ (తుంటి ఎముకల ముందు పొడుచుకొచ్చిన కొనలు) బల్ల నుంచి ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చూసి సరిచేయండి.

గ్యాస్ అంచులు మసకగా ఉన్నాయి, సోయాస్ (వెన్నెముక పక్కన ఉండే కండరం) గీత లేదు

ఛాతీ ఎక్స్‌రేలు తీసీ తీసీ “గాలి పీల్చి బిగబట్టండి” అనేది నోటికి వచ్చేస్తుంది. ఇక్కడ ఊపిరి వదిలాక తీయాలి, అప్పుడే డయాఫ్రమ్ (ఛాతీకీ కడుపుకీ మధ్య ఉండే కండరం) పైకి లేచి కడుపులోని అవయవాలకు చోటిస్తుంది. “గాలి పూర్తిగా వదిలేయండమ్మా, అలాగే ఆగండి” అని చెప్పి, ఒక్క క్షణం ఆగి ఎక్స్‌పోజ్ చేయండి. అంచులు ఇంకా మసకగానే ఉంటే అది పేగుల కదలిక కావచ్చు; ఎంఏ (ట్యూబ్ కరెంటు) పెంచి సమయం తగ్గించండి.

పేగు చిల్లు పడిందని అనుమానం, నిలబెట్టి తీసినా పేగు నుంచి బయటికొచ్చిన గాలి కనబడలేదు

డయాఫ్రమ్ ఫిల్మ్‌లో ఉందా? లేకపోతే సెంటర్‌ను క్రెస్ట్ దగ్గరే వదిలేశారన్నమాట, ఐదు సెంటీమీటర్లు పైకి జరపండి. డయాఫ్రమ్ ఉన్నా గాలి లేదంటే రోగిని నిలబెట్టిన వెంటనే తీసి ఉండొచ్చు. గాలి పైకి చేరడానికి కనీసం ఐదు నిమిషాలు, వీలైతే పది నుంచి ఇరవై నిమిషాలు ఇవ్వండి. నిలబడలేని రోగిని ఎడమ పక్కకు పడుకోబెట్టి, అంతే సేపు ఆగి, అడ్డంగా వచ్చే కిరణంతో తీయండి. కుడి వైపు కాలేయం అంచున గాలి స్పష్టంగా తెలుస్తుంది. ఎడమ వైపు పైకి ఉంటే జీర్ణాశయంలోని గాలి బుడగ గందరగోళం చేస్తుంది.

నడుం దగ్గర రాయిలాంటి నీడ

వెండి మొలతాడు, దానికి కట్టిన తాయెత్తు, వేలాడే పిన్నీసు, రొంటిన దోపిన చిల్లర, ఇవన్నీ ఉండేది సరిగ్గా మనం సెంటర్ చేసే చోటే. గౌను ఇచ్చాం కదా అని వదిలేయకుండా అడగండి. మొలతాడు తీయడానికి పెద్దవాళ్లు ఒప్పుకోకపోతే తెంపొద్దు. వదులు చేసి తొడల మీదికి దించమనండి, ఫిల్మ్ అయ్యాక మళ్లీ కట్టుకోవడానికి సాయం చేయండి.