ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ భవనాన్ని పరిశీలించే పద్ధతి

హైదరాబాద్‌లోని ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆర్ట్స్ కాలేజీ భవనాన్ని ఒక కట్టడంగా అర్థం చేసుకోదలచినవారు తీరిక చేసుకుని, ఉదయమో సాయంత్రమో ఎండ ఏటవాలుగా పడే వేళలో వెళ్ళాలి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు రాతి చెక్కడాల లోతు కంటికి ఆనదు. ఎంఎంటీఎస్ రైలులో వచ్చేవారికి ఆర్ట్స్ కాలేజీ పేరుతోనే స్టేషన్ ఉంది.

వెళ్ళేముందు కొంత చరిత్ర తెలుసుకోవడం అవసరం. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో, ఉర్దూ బోధన భాషగా 1918లో మొదలైన ఈ విశ్వవిద్యాలయం తొలి ఏళ్ళలో నగరం నడిబొడ్డునే నడిచింది. అడిక్‌మెట్ వద్ద శాశ్వత ప్రాంగణం కట్టాలని నిశ్చయించాక, విదేశీ విశ్వవిద్యాలయాల కట్టడాలను చూసి రమ్మని జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజాలను ప్రభుత్వం పంపింది. రూపకల్పన బాధ్యత ఈజిప్టులో పనిచేసిన బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్‌కు దక్కింది; కైరో పక్కన హీలియోపోలిస్‌లోని పెద్ద హోటల్ భవనం కూడా ఆయన రూపొందించినదే. ఆర్ట్స్ కాలేజీకి 1934 జులైలో శంకుస్థాపన జరిగింది, 1939 డిసెంబరులో నిజాం ప్రారంభించారు.

పరిశీలన దూరం నుంచి మొదలుపెట్టండి. భవనం మొత్తం ఒకేసారి కంటికి ఆనే చోట నిలబడితే, మధ్యలో ఎత్తుగా లేచిన ప్రవేశద్వారమే మిగతా కట్టడాన్నంతా శాసిస్తున్నదని, ఇరువైపులా రెక్కలు దానికి లోబడి అడ్డంగా సాగాయని తెలుస్తుంది. గులాబీ ఛాయ గల గ్రానైటు ఈ దక్కను నేలకు సహజమైన రాయి కనుకనే ఇంత భారీ కట్టడం కూడా చుట్టూ ఉన్న బండలకు పరాయిదిగా అనిపించదు.

తర్వాత మెట్లెక్కి స్తంభాల దగ్గరకు వెళ్ళాలి. అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడే గడపాలని నా అభిప్రాయం. ఈ భవనాన్ని హిందూ, ముస్లిం శైలుల సమ్మేళనం అని ఒక్క మాటలో చెప్పి వదిలేస్తుంటారు. ఆ సమ్మేళనం ఏ రాయి దగ్గర జరిగిందో చూడకపోతే ఆ మాటకు అర్థం లేదు. అజంతా, ఎల్లోరా గుహల స్తంభాలను తలపించే బలమైన కంబాల మీద ఇస్లామిక్ సంప్రదాయపు మొనదేలిన కమానులు నిలిచాయి. స్తంభం మీద అడ్డంగా దూలం పెట్టినప్పుడు బరువు తిన్నగా కిందికి దిగుతుంది. కమాను మాత్రం పక్కలకు కూడా తోస్తుంది కనుక, ఆ తోపును పక్క కమానో దళసరి గోడో ఆపుకోవాలి. అందుచేత స్తంభం పైభాగం ఎలా విచ్చుకుందో, కమాను దాని మీద ఎక్కడ మొదలైందో, వరుస చివర బరువును ఏది పట్టి నిలిపిందో ఒక్కొక్కటిగా గమనించండి. వీలైతే కాగితం మీద గీసుకోండి. ఫొటోలో తప్పిపోయే కొలతలు గీసేటప్పుడు కంటికి దొరుకుతాయి.

లోపల ఇప్పటికీ తరగతులు జరుగుతాయి కాబట్టి, సిబ్బంది అనుమతి తీసుకుని, పాఠాలు సాగే గదుల వైపు వెళ్ళకుండా ప్రవేశ మండపం, వరండాల వరకే చూడటం మర్యాద.

ఆసక్తి మిగిలితే అదే రోజు మూసీ ఒడ్డున విన్సెంట్ ఎష్ రూపొందించిన హైకోర్టు భవనానికి వెళ్ళండి. ఇరవయ్యేళ్ళ ముందటి ఆ కట్టడంలో గుమ్మటాలే ముందు కంటపడతాయి. జాస్పర్ అలాంటి గుమ్మటాల వరుసను ఆశ్రయించకుండా, ఒక్క ద్వారం ఎత్తుతోనే అంతటి గాంభీర్యం ఎలా సాధించారో రెండింటినీ పోల్చినప్పుడు స్పష్టమవుతుంది.