తీసేసిన వెబ్ పేజీలో ఏముండేదో తేల్చుకోవడం ఎలా?

"తర్వాత డిలీట్ చేశారు, నా దగ్గర స్క్రీన్‌షాట్ ఉంది" అంటూ వాట్సాప్ గ్రూపుల్లో ఎవరో ఒకరు ఫొటో పెడుతూనే ఉంటారు. అది సాక్ష్యం కాదు. బ్రౌజర్‌లో ‘ఇన్‌స్పెక్ట్’ నొక్కడం తెలిస్తే ఏ వార్తా సైటు హెడ్డింగునైనా మార్చి స్క్రీన్‌షాట్ తీయొచ్చు. సంబంధం లేని మూడోవారు తేదీతో సహా దాచిన కాపీ దొరికితేనే మాటకు బలం. ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థ 1996 నుంచి చేస్తున్న పని అదే. ఆ కాపీలను చూపించే వేబ్యాక్ మెషీన్‌ను 2001లో అందరికీ తెరిచారు. డబ్బులేమీ కట్టక్కర్లేదు.

1. ముందు ఆ పేజీ అసలు లింకు సంపాదించండి. ఫొటో పెట్టినవాళ్లనే అడగండి. చాలా పుకార్లు ఈ ప్రశ్న దగ్గరే చల్లబడతాయి.

2. వేబ్యాక్ మెషీన్ సైటు వెబ్ డాట్ ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఆ లింకు పేస్ట్ చేయండి. క్యాలెండర్ వస్తుంది. నీలి చుక్క ఉన్న తేదీన పేజీ సరిగ్గా దొరికినట్టు. ఆకుపచ్చ అయితే వేరే పేజీకి మళ్లించినట్టు.

3. కాపీ తెరిచాక పైన లింకులో 14 అంకెలుంటాయి. అసలు కీలకం అవే. ఉదాహరణకు, 2014 జులై 17న ఉక్రెయిన్‌లో మలేషియా విమానం ఎంహెచ్17 కూలి 298 మంది చనిపోయారు. రష్యా అనుకూల తిరుగుబాటు నేత స్ట్రెల్కోవ్ పేరిట నడిచే పేజీలో, తోరెజ్ (ఎంహెచ్17 కూలిన ప్రాంతంలోని ఊరు) దగ్గర ఏఎన్-26 అనే సైనిక రవాణా విమానాన్ని కూల్చామని ఆరోజే పోస్టు పడింది, ఆపై మాయమైంది. ఆర్కైవ్ కాపీ మిగిలింది. దాని అంకెలు 20140717152222. అంటే 2014 జులై 17, 15 గంటల 22 నిమిషాల 22 సెకన్లు. ఇది యూటీసీ, అంటే ప్రపంచమంతా ప్రామాణికంగా వాడే సమయం. అయిదున్నర గంటలు కలిపితే మనకు రాత్రి 8:52. ఇక్కడే చాలామంది పొరబడతారు: మన దగ్గర తెల్లవారుజామున అయిదున్నర లోపు దాచిన పేజీకి ముందురోజు తేదీ ఉంటుంది.

పోస్టు అక్కడ ఉండేదని మాత్రమే ఆ కాపీ చెబుతుంది. రాసింది ఎవరు, రాసింది నిజమా అన్నది విడిగా తేల్చుకోవాల్సిందే.

4. ‘అబౌట్ దిస్ క్యాప్చర్’ నొక్కి చూడండి. పేజీలోని రాత ఒక రోజుది, ఫొటో ఇంకో రోజుది కావచ్చు. ఫొటో మీదే వాదన నిలబడితే దాని సమయం విడిగా చూడాలి.

5. ఇంకా బతికున్న పేజీ మీద అనుమానం ఉంటే అదే సైటులోని ‘సేవ్ పేజ్ నౌ’లో లింకు వేసి ఇప్పుడే దాచేయండి. లాగిన్ అడిగే ఫేస్‌బుక్, ఇన్‌స్టా పోస్టులు తరచూ సరిగ్గా పడవు. సేవ్ చేశాక ఒకసారి తెరిచి చూసుకోండి.

కోర్టు దాకా వెళ్లే వ్యవహారమైతే ప్రింటవుట్ ఒక్కటే చాలదు. భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని సెక్షన్ 63 ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ అడుగుతుంది. లింకు, ఆ 14 అంకెలు రాసుకుని ముందే లాయరుకు చూపించండి.