అరోరా బి కనిపించలేదు, తప్పు యాంటీబాడీది కాదు

రెండు వారాల పాటు హీలా కణాల్లో (ల్యాబ్‌లో పెంచే మానవ క్యాన్సర్ కణాలు) అరోరా బి అనే ప్రోటీన్ కోసం, దాన్ని పట్టుకుని మెరిసేలా చూపే యాంటీబాడీ పెట్టి మైక్రోస్కోప్‌లో చూస్తే ప్రతిసారీ చీకటే. డీఎన్ఏకి అంటుకునే డాపి రంగుకి కేంద్రకాలు మాత్రం నీలంగా చక్కగా మెరిసేవి. యాంటీబాడీ పాడైందనుకుని 1:500 పలుచన బదులు ఇంకా చిక్కగా 1:100 వాడాను, మసక వెలుగు పెరిగిందే తప్ప ఇంకేం లేదు. చాలా టెన్షన్ పడ్డాను.

తర్వాత తట్టింది. ఈ ప్రోటీన్ కణ విభజన సమయంలోనే బాగా ఉంటుంది, మెటాఫేజ్ (క్రోమోజోములు మధ్యలో వరుసగా నిలిచే దశ) దాకా సెంట్రోమియర్ల (క్రోమోజోమ్ జంట కలిసి ఉండే చోటు) దగ్గర, అనాఫేజ్‌లో (అవి విడిపోయే దశ) వాటిని లాగే దారాల కట్ట అయిన స్పిండిల్ నడుమ, చివరికి రెండు పిల్ల కణాల మధ్య సన్నని వంతెన మీద. మామూలు కల్చర్‌లో విభజనలో ఉన్న కణాలే కొన్ని, అవీ గుండ్రంగా మారి గాజు మీద పట్టు వదిలేస్తాయి, నేనేమో పీబీఎస్ అనే ఉప్పు ద్రావణాన్ని నేరుగా వాటి మీదే పోసి కడిగేస్తున్నాను!

ఈసారి కణాలు పెరిగే పల్చటి గాజు కవర్‌స్లిప్‌లకు, అవి గట్టిగా అంటుకునేలా పాలీ-ఎల్-లైసిన్ పూత వేశాను. కణాలన్నీ ఒకేసారి విభజనకి వచ్చేలా థైమిడిన్‌తో రెండుసార్లు ఆపి (డబుల్ థైమిడిన్ బ్లాక్), అది తీశాక 9, 10 గంటలకు, మీడియం తీయకుండానే అంతే పరిమాణంలో కణాల్ని ఉన్నచోటే స్థిరపరిచే ఫార్మాల్డిహైడ్ 8 శాతం ద్రావణం కలిపి (అంటే చివరికి 4 శాతం) 15 నిమిషాలు ఉంచాను. కడిగేటప్పుడు పిపెట్ మొనని పాత్ర గోడకి ఆనించి మెల్లగా పోశాను. పాత 1:500 చాలింది, సెంట్రోమియర్ల దగ్గర చుక్కలు కనిపించగానే ఎంత ఆనందమేసిందో.

ఒకటి మాత్రం చూసుకోండి, అరోరా ఎ అనే ఇంకో ప్రోటీన్‌కి దీనితో చాలా దగ్గరి పోలిక. ప్రోటీన్లని పరిమాణాన్ని బట్టి వేరుచేసి చూసే వెస్టర్న్ బ్లాట్‌లో బి సుమారు 40 కిలోడాల్టన్ల దగ్గర, ఎ 46 దగ్గర వస్తాయి. స్పిండిల్ ధ్రువాల దగ్గర మెరిస్తే మీ యాంటీబాడీ ఎ‌ని కూడా పట్టుకుంటోందేమో అని అనుమానించాలి.